మసేను మావ ఆయిలు రాసిన కంప్యూటరు

మసేను మావకి కంప్యూటరు నేర్పింది నేను కాదు. బరంపురంలో గేట్ బజారు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. ఆయన మా అమ్మ దానమ్మకి తోడబుట్టినవాడు. అయినా ఒక్క ముక్క నేర్పలేదు. నేను చెప్పబోయే సిగ్గుల్లో ఇదే అన్నిటికన్నా చిన్నది, అందుకని ముందు ఇది చెప్పేస్తున్నాను.

మా పేట గోపాల్‌పూర్ దాటేక ఇసకలో ఉంటుంది. అందరూ వేటకెళ్ళేవాళ్ళే. మావ పన్నెండో ఏట పడవెక్కేడు. నలభై దాటేక ఒకనాడు ఇంజను బెల్టులో చెయ్యి పడి ఎడంచేతి రెండు వేళ్ళు పోయేయి. మనిషి ఇక ఇంట్లో కూర్చుని ఏడుస్తాడనుకున్నారు. ఏడిస్తే ఆయన మసేను ఎందుకవుతాడు? "ఏళ్ళు పోయినాయి గానీ కళ్ళు పోనేదు గదా" అని పేట సంఘానికి కార్యదర్శి అయ్యేడు. తెలుగూ ఒడియా రెండూ చదివి చెప్పగలిగినవాడు పేటలో ఆయనొక్కడే మరి.

పెద్ద తుఫాను అయిన నాలుగేళ్ళకి, సాయం చేసే సంస్థవాళ్ళెవరో సంఘానికి ఒక కంప్యూటరూ, ఒక స్కానరూ ఇచ్చేరు. ఛత్రపురంలో పన్నెండు రోజులు క్లాసు కూడా పెట్టేరు. యాభై దాటిన మనిషి, ఎనిమిది వేళ్ళతో, కాలేజీ పిల్లగుంటల మధ్య కూర్చుని నేర్చుకున్నాడు. మాస్టారు చెప్పిందల్లా నోటుపుస్తకంలో తెలుగులో రాసుకునేవాడు. రాత్రి ఇంటికొచ్చి బల్ల మీద వేళ్ళాడించి అలవాటు చేసుకునేవాడట, అత్త నవ్వి చచ్చేది.

ఆయన ఆ కంప్యూటరుతో చేసిన పని ఒక్కటే. పేటలో ప్రతి మనిషి కార్డూ అందులో దాచేడు. మా దగ్గర కాగితం నిలవదు. వానొస్తే తడుస్తుంది, తుఫానొస్తే కప్పుతోపాటు పోతుంది, లేకపోతే పడవలో ఉండి సముద్రంలో కలుస్తుంది. అందుకని ఇల్లిల్లూ తిరిగి ఓటరు కార్డులూ, వేట గుర్తింపు కార్డులూ అడిగి తెచ్చి, ఒక్కొక్కటీ స్కాను చేసి పెట్టేవాడు. కొందరు తిట్టేవారు కూడా. "ఏటి మసేనూ, పోలీసులకి ఇచ్చెత్తావేటి?" అని. "నేదురా నాయినా, సముద్రానికి ఇయ్యకుండా దాస్తన్నాను" అనేవాడు. అలా మూడు వందల పైచిలుకు కార్డులు పోగయ్యేయి. వాటిని సీడీలో ఇంకో కాపీ తీసి పెట్టమని నాకు రెండుసార్లు కబురు పెట్టేడు. వస్తానన్నాను. వెళ్ళలేదు.

నన్ను చదివించింది ఆయనే. మా నాన్న సముద్రంలో పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. పడవ మీద కాలు పెడితే కాళ్ళు ఇరగ్గొడతానని బెదిరించి మరీ బడికి పంపేడు. ఆ చదువుతో నేను చేసిన ఘనకార్యం ఏటంటే, దుకాణం బోర్డు మీద జగ్గన్న అన్న నా పేరుని జగన్నాథ్ అని రాయించుకోవడం. గిరాకీలతో ఒడియాలోనే మాట్లాడేవాణ్ణి. మీదే ఊరు అని అడిగితే హిల్‌పట్నా అనేవాణ్ణి. అక్కడే అద్దెకుంటున్నాను కదా, అబద్ధమెలా అవుతుంది? అలా నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. చేపల వాళ్ళ కుర్రాడని తెలిస్తే పెద్ద పెద్ద ఆఫీసుల వాళ్ళు నా చేతికి మెషిన్లు ఇవ్వరని భయం. ఎవరైనా అలా అన్నారా అంటే, ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

రెండువేల ఏడు, ఆగస్టు నెల. మా పేట గంగన్న పరదీప్ నుంచి ఒక ట్రాలరు మీద పనికెళ్ళేడు. గాలివానలో ఇంజను చెడిపోయి, ట్రాలరు కొట్టుకుపోయి పక్క దేశం నీళ్ళలోకి చేరింది. అక్కడ పట్టుకుని, అందులో ఉన్న అయిదుగురినీ జైల్లో పెట్టేరు. ఈ మనిషి మీవాడేనని రుజువు చూపించండి, వదిలేస్తాం అని కబురొచ్చింది. మిగతా నలుగురికీ ఇంట్లో జిరాక్సులున్నాయి. గంగన్న కార్డు గంగన్నతోపాటు పడవలో ఉంది, ఏమయిందో తెలీదు. ఇంట్లో ఉన్న కాగితాలు ఆ ఏడు వానకే ముద్దయిపోయేయి. అతని మొహం, పేరు, నెంబరు అన్నీ స్పష్టంగా ఉన్న చోటు ఒక్కటే. మసేను మావ కంప్యూటరు. శుక్రవారంలోపల జిల్లా ఆఫీసులో ఇస్తే అయిదుగురి కాగితాలూ ఒకే కట్టలో వెళ్తాయి.

మావ వెళ్ళి స్విచ్చి నొక్కేడు. అది లేవలేదు.

బుధవారం పొద్దున్న పదకొండు గంటలకి మావ దాన్ని పాత చీరలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చేడు. వెంట గంగన్న పెళ్ళాం కాసులమ్మ. ఆ పిల్ల పొద్దున్నే గోపాల్‌పూర్‌లో చేపలమ్మి, ఆ గంపతోనే అలా వచ్చేసింది. సరిగ్గా అప్పుడే నా ఎదురు కుర్చీలో ఒక ప్రైవేటు కాలేజీ ప్రిన్సిపాలుగారు కూర్చుని ఉన్నారు. వాళ్ళ కాలేజీలో ఇరవై మెషిన్లు ఏడాది పొడుగునా చూసుకునే పని నాకివ్వాలా వద్దా అని మాట్లాడుతున్నారు. కాసులమ్మ గుమ్మంలో గంప దించింది. ఆయన జేబురుమాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

ఛీ, నా బతుకు! నేను లేచి మా మావతో ఏమన్నానో తెలుసా? "కణ హెలా, మౌసా?" అన్నాను. ఏమయింది పెద్దాయనా, అని ఒడియాలో. ఎవరో దారినపోయే గిరాకీతో అన్నట్టు.

మావ నా మొహంకేసి కాసేపు చూసేడు. ప్రిన్సిపాలు వైపూ చూసేడు. తర్వాత ఆయన కూడా ఒడియాలోనే, మెల్లిగా, తప్పులు లేకుండా చెప్పేడు. స్విచ్చి వేస్తే బొమ్మ వస్తోందనీ, కింద గీత మూడుసార్లు పరిగెత్తేక నీలం తెర పడుతోందనీ, మళ్ళీ తనంతట తనే మొదటికొస్తోందనీ. నా దుకాణానికొచ్చే బీయేలూ ఎమ్మేలూ కూడా అంత శుభ్రంగా చెప్పరు. "లోపల కార్డులున్నాయి, ఆజ్ఞా" అని కూడా అన్నాడు. ఒడియాలో ఆజ్ఞా అంటే అయ్యగారూ అని. మా మావ నన్ను ఆజ్ఞా అన్నాడు, నేను అనిపించుకున్నాను.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నా తప్పెంతో మీకు తెలీదు. కంప్యూటరు లేచినట్టే లేచి పడిపోతూంటే ముందు పెట్టె విప్పాలి. లోపల ర్యామ్ అని బెత్తెడు పచ్చముక్క ఉంటుంది. దాన్ని ఊడదీసి, దాని పళ్ళని పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్ళీ బిగించి చూడాలి. సముద్రపు గాలి తగిలే మా వైపు మెషిన్లకి సగం జబ్బులు దాంతోనే కుదురుతాయి. కుదరలేదా, అప్పుడు డిస్కు తీసి ఇంకో మెషినుకి తగిలించి, ఉన్న ఫైళ్ళన్నీ ముందు దాచుకోవాలి. ఆ తర్వాతే విండోస్ జోలికి వెళ్ళాలి. ఈ పని మొదలుపెట్టిన వారంలోనే ఎవడికైనా తెలిసే సంగతి ఇది. నాకు తొమ్మిదేళ్ళ అనుభవం.

నేను పెట్టె విప్పలేదు. విప్పితే అరగంట. ఆ అరగంటా కాసులమ్మ గుమ్మంలో ముక్కు చీదుతూ ఉంటుంది, ప్రిన్సిపాలుగారు రుమాలు తియ్యరు. సేఫ్ మోడ్‌లో ఒకసారి ప్రయత్నించేను, అక్కడా పడిపోయింది. విండోస్ పాడైంది, కొత్తగా ఎక్కిస్తే సరి అనేసి సీడీ పెట్టేను. ఒక చోట అది ఆగి అడిగింది. ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఫార్మాట్ చెయ్యాలంటే ఎఫ్ నొక్కు, అని. వెనక నుంచి మావ, "ఫైళ్ళకేం కాదు కదా?" అన్నాడు, ఒడియాలోనే. నేను ప్రిన్సిపాలుగారి మాటకి నవ్వుతూ, వెనక్కి తిరక్కుండానే, ఏం కాదు అన్నాను. ఎఫ్ నొక్కేను.

ఒక్కోసారి ఆలోచిస్తాను, ఆ క్షణంలో నా బుర్ర ఎక్కడుంది అని. బుర్ర అక్కడే ఉంది. ఆ పెట్టెలో ఏముందో నాకు తెలుసు. ఫార్మాట్ తగలని డి డ్రైవులో పెట్టే ఉంటాడులే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది, అంతే.

ఫార్మాట్ పూర్తయ్యింది. ఫైళ్ళు ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగి, ఈ ఫైలు ఎక్కడం లేదు అంది. ఇంకోటి కూడా ఎక్కడం లేదు అంది. మళ్ళీ నీలం తెర. అప్పటికి ప్రిన్సిపాలుగారు లేచి, ఆలోచించి చెప్తాననేసి వెళ్ళిపోయేరు. నాకు అప్పుడు వెలిగింది, ఇది విండోస్ గొడవ కాదు, ర్యామ్ గొడవ అని. పెట్టె విప్పేను. గుప్పుమని ఇంజనాయిలు వాసన.

లోపలంతా పల్చగా ఆయిలు. పచ్చముక్కల మీద, వైర్ల మీద, ఫ్యాను రెక్కల మీద. దాని మీద ఉప్పూ దుమ్మూ పట్టి నల్లటి జిడ్డు కట్టింది. మావకేసి చూసేను. ఆయన మొహం అప్పుడే వాడిపోయింది.

వేట బందయ్యే నెలల్లో మా పేటలో ప్రతి ఇంజనూ ఒడ్డుకెక్కుతుంది. మంచినీళ్ళతో కడిగి, తుడిచి, పొర ఆయిలు రాసి గోనెలో చుడతారు. లేకపోతే ఉప్పు దాన్ని తినేస్తుంది. ఆ రోజుల్లో సంఘం తలుపు కూడా మూసేస్తారు. అందుకని మావ ఏప్రిల్‌లో కంప్యూటరుకి కూడా అదే మర్యాద చేసేడు. స్క్రూలు విప్పి, మెత్తటి గుడ్డతో, బిడ్డకి రాసినట్టు రాసేడు. ఎవరినైనా అడుగుదామంటే అడగడానికి ఉన్నది నేను. నేను పిలిస్తే రానివాణ్ణి.

ఆ జిడ్డు తుడిచేను. ర్యామ్ పళ్ళు రబ్బరుతో రుద్దేను. అయిదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత విండోస్ మళ్ళీ ఎక్కించేను, మెషిను ఒక్కసారి కూడా పడిపోలేదు. చక్కగా లేచింది, గచ్చు కడిగినంత శుభ్రంగా, ఖాళీగా. డి డ్రైవు అనేదే అందులో లేదు.

"కార్డులేవి?" అన్నాడు మావ.

అప్పుడు నేను తెలుగులోకి దిగేను. ఆ రోజు మా మావతో నేను మాట్లాడిన మొదటి తెలుగు మాట ఇది: "ఆయిలు వల్ల డిస్కు పాడైపోయింది మావా. ఏం మిగల్లేదు."

కాసులమ్మ గుమ్మంలోంచి లేచింది. "ఆయిలేటి? ఎవులు రాసినారు ఆయిలు?" అంది.

"నానే అమ్మా" అన్నాడు మావ. "ఇంజినుకి రాసినట్టు రాసినాను. ఉప్పు తినెత్తాదని."

ఓలమ్మా, ఆ పిల్ల ఏడుపు! గేట్ బజారంతా తిరిగి చూసింది. నేను మాత్రం స్క్రూలు బిగిస్తున్నాను. ఆరు స్క్రూలు బిగించడానికి ఎంతసేపు పట్టాలో అంతకు నాలుగింతలు పట్టించేను.

వాళ్ళు వెళ్ళేక షట్టరు వేసుకుని, చెరిగిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేరు పెట్టి చూసేను. పెట్టె వాళ్ళకి తిరిగిచ్చే ముందే, చెరిగిన ఆ డిస్కుకి నకలు తీసి ఉంచుకున్నాను, దొంగలా. అయితే పాతవాటి మీద కొత్తవి ఎక్కించేసేను కదా, ఎన్నని దొరుకుతాయి? గంగన్నది దొరికింది. తెరిచేను. నుదురూ, రెండు కళ్ళూ ఉన్నాయి. ముక్కు దగ్గర్నించి కిందకంతా బూడిదరంగు. పేరు లేదు, నెంబరు లేదు. కలకత్తాలో పెద్ద లేబులున్నాయి, పంపితే ఇంకా ఏమైనా వస్తుందేమో. పంపాలంటే ఫార్మాట్ ఎవరు చేసేరని రాయాలి. పంపలేదు.

శుక్రవారం నలుగురి కాగితాలే వెళ్ళేయి. వాళ్ళు రెండు నెలల్లో ఇళ్ళకొచ్చేరు.

మావ వలలల్లే పాకలో పేట పెద్దల ముందు నిలబడి, కండువా మెడచుట్టూ వేసుకుని, తప్పు నాది అన్నాడట. కార్యదర్శి పని వదిలేసేడు. ఆ కంప్యూటరు వైపు మళ్ళీ చూడలేదు. కాసులమ్మ ఆయన ఎదురుపడితే ఇసక తీసి పోసేది. ఇవన్నీ అమ్మ ఫోన్‌లో చెప్పేది. "ఆ గడ్డిబుర్రకి కంప్యూటరెందుకురా, నువ్వైనా సెప్పొద్దా?" అని నన్నే అడిగేది. నేను ఊఁ అనేవాణ్ణి.

గంగన్న జైల్లో పడ్డ ఎనిమిదో నెలలో అతని తల్లి గురువమ్మ పోయింది. కొడుకు పేరే కలవరించి పోయింది. కబురొస్తే వెళ్ళేను. పాడె లేపుతున్నప్పుడు మావ వచ్చి భుజం పెట్టబోయేడు. కాసులమ్మ అడ్డం నిలబడి, "నువ్వు ముట్టకు" అంది. మావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మూల ఖాళీ అయింది కదా, ఎవరో నా వీపు తట్టి నువ్వు పట్టు అన్నారు. పట్టేను. మావ భుజం ఉండాల్సిన చోట నా భుజం పెట్టి, ఆయన కళ్ళముందే రేవుదాకా మోసేను. అప్పుడైనా నోరు తెరవొచ్చు. పడిపోయిందా నా నోరు? లేదు, దారంతా గోవిందా అంటూనే ఉంది.

పేటవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి వేరే రుజువు సంపాదించేసరికి పదకొండు నెలలయింది, అప్పుడు గంగన్న వచ్చేడు. గెడ్డం నెరిసింది, ఒక చెవి వినపడదు. పేటంతా భోజనాలు పెట్టేరు. అమ్మ రమ్మంది. ఈసారి చెప్పేస్తాను, చెప్పి చస్తాను అనుకుని బస్సెక్కేను.

మావ భోజనాల దగ్గర లేడు. దూరంగా, బోర్లించిన పడవ నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఎదురుగా చతికిలబడ్డాను.

"మావా, ఆయిలు వల్ల పోనేదు. నానే..." అన్నాను.

"ఎఫ్ నొక్కినారు" అన్నాడు. వల మీంచి చూపు తియ్యలేదు. "ఇంగిలీసు రాకపోయినా అదొక్కటి నాకు తెలుసు బాబూ. మా మాస్టారు అది ఎర్రసిరాతో రాయించినారు. ఎవులు సెప్పినా నొక్కొద్దు అని."

"తెలిసీ ఊరుకున్నావేటి? పెద్దల ముందు తల వంచుకున్నావేటి?"

"సెప్తే ఏటవుతాది? పోయిన కార్డు వస్తాదా? మీ అమ్మ రోజూ ఈ రేవుకి రావాల, ఈ ఆడోళ్ళ పక్కనే కూకోవాల. ఆయిలు రాసింది నాను కానా? అదేటి అబద్దమా?"

"ఆ రోజు దుకాణంలోనైనా నా చెంప పగలగొట్టొచ్చు కదా మావా!"

అప్పుడు తలెత్తేడు. కోపం లేదు. కోపముంటే నేను బతికిపోయేవాణ్ణి. "మావోడైతే కొట్టుదును" అన్నాడు. "తవరు షాపు బాబు. మా మొకం ఎరగనట్టు మాటాడినారు. తవరి మీద సెయ్యెలా ఎత్తీది?"

తవరు. మా పేటలో ఆ మాట ఆఫీసరు బాబుల్ని అంటారు.

నేను లేచి భోజనాల దగ్గరికెళ్ళేను. విస్తళ్ళ మధ్య నిలబడి అంతా చెప్పేను. రబ్బరు సంగతి, ఎఫ్ సంగతి, సగం మొహం సంగతి, పాడె సంగతి. అరిచి చెప్పేను, గంగన్నకి కూడా వినపడాలని. ఎవరైనా కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. అమ్మ చెంగుతో మొహం కప్పుకుంది. కాసులమ్మ చేతిలో అన్నం గరిటెతో అలాగే తిన్నగా పడవ దగ్గరికెళ్ళి, మావ కాళ్ళ దగ్గర కూలబడి, ఇసక పోసిన చేత్తోనే తల బాదుకుంది. మావ ఆ గరిటె ఆమె చేతిలోంచి తీసుకుని, "లే అమ్మా, అన్నం సల్లారిపోతాది" అన్నాడు.

నాకు అక్కడ నిలబడే చోటు లేకపోయింది. నాలుగు గంటల బస్సుకి బయల్దేరేను. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూసేను, మావ. అతిథిని సాగనంపినట్టు బస్సుదాకా వచ్చేడు. నా చేతిసంచీ తనే పట్టుకున్నాడు. ఇమ్మంటే ఇవ్వలేదు.

"ఒరే జగ్గా అను మావా" అన్నాను. "ఒక్కసారి. ఎదవా అను, దొంగనాకొడకా అను. నీకు నచ్చిన తిట్టు తిట్టు."

ఆయన బస్సులోకి ఎక్కి, కిటికీ పక్క సీటు మీద ఉన్న ఇసక తన కండువాతో దులిపేడు. సంచీ అందులో పెట్టి కిందకి దిగేడు.

"సీటుంది బాబూ" అన్నాడు. "తవరు కూకోండి."

కూర్చున్నాను.